పై అంతస్తు రేటు

పెళ్ళయి ఇంటికి వచ్చిన కొత్తలో ఏ కోడలైనా ముందు తెలుసుకునేది ఏ స్విచ్చి ఏ దీపానిదో. నేను ముందు తెలుసుకున్నది మా ముందు గది పైకప్పు సంగతి. టెండరు వేయాల్సిన రోజున మామగారు ఆ గదిలో కుర్చీ వేసుకుని, మెడ వెనక్కి వాల్చి, స్లాబు వంకే చూస్తూ కూర్చుంటారు. పైన ఎవరో అటూ ఇటూ నడుస్తున్న చప్పుడు.

"మీ నాన్నగారు ఏం చేస్తున్నారు?" అని మా ఆయన చెవిలో అడిగాను.

"పెదనాన్న రేటు వింటున్నారు."

నవ్వు ఆగక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. ఆయన నవ్వలేదు. పైన ఉండేది మామగారి సొంత అన్న. ఆయన వడివడిగా నడుస్తుంటే రేటు తగ్గిస్తున్నాడని, నడక ఆగిందంటే ఖరారు చేసేశాడని లెక్క. ఎంతసేపు నడిచాడన్న దాన్నిబట్టి ఎంత తగ్గించాడో మామగారు పసిగడతారు. దానికి వెంట్రుకవాసి కిందగా మా రేటు పడుతుంది.

"మరి పైన ఆయన?"

"ఆయన కింద బల్ల చప్పుడు వింటాడు. లెక్క కుదరకపోతే నాన్న బల్ల జరుపుతారుగా."

ఒకప్పుడు ఇద్దరిదీ ఒకటే కంపెనీ. ఎక్కడో ఒక బడి గోడ తూకం తప్పి వంకరగా లేచింది. ఆరోజు తూకపు గుండు పట్టుకున్నది నువ్వంటే నువ్వని మొదలైన మాట ఇల్లు పైకీ కిందికీ చీలేదాకా పోయింది. పైవాళ్ళకి మెట్లు బయటినుంచి కట్టారు. అప్పటినుంచీ అన్నదమ్ముల మధ్య మాటల్లేవు. ఇద్దరూ చేసేవి ప్రభుత్వ కట్టడాలే. ఒకరు ఏ పనికి టెండరు వేస్తే రెండోవారూ దానికే వేస్తారు. పని తనకి రావడం కన్నా అవతలివాడికి రాకపోవడమే ఇద్దరికీ ముఖ్యం.

ఈ గొడవలన్నీ నాకు అప్పట్లో కథల్లా ఉండేవి. నా లోకం వేరు. మా ఆయన నాకోసం పచ్చరంగు హెల్మెట్ కొన్నారు. ఆఫీసు గదిలో ప్లాన్ల చుట్టల మధ్య నాకంటూ ఒక సొరుగు ఇచ్చి, దాని తాళంచెవికోసం ఇద్దరం పెనుగులాడితే తను ఓడిపోయినట్టు నటించారు. ఆయన చొక్కాలూ నా బట్టలూ ఒకే బీరువాలో వేలాడుతుంటే ఊరికే తలుపు తెరిచి చూసి మళ్ళీ మూసేదాన్ని.

ఊరి చివర కొత్త కాలనీకి మంచినీళ్ళ ట్యాంకు కట్టే టెండరు తెరిచినరోజు మాదే అందరికన్నా తక్కువ రేటు. రెండోది పై అంతస్తుది. మూడోది ఒక పెద్ద కంపెనీది, మా ఇద్దరికన్నా చాలా పైన. మా ఆయన నన్ను ఎత్తుకుని ఆఫీసు గదిలో గిరగిరా తిప్పారు. ప్లాన్ల చుట్టలన్నీ కింద పడి దొర్లాయి. మామగారు చూసీ చూడనట్టు పక్కకి తిరిగి, "పైవాడి మొహం ఇప్పుడు చూడాలి," అన్నారు.

ఆ సంబరం వారం నిలవలేదు. పెద్ద కంపెనీ ఫిర్యాదు పెట్టింది. పైవాళ్ళ టెండరూ మా టెండరూ ఒకే ఇంటర్నెట్ కనెక్షన్ నుంచి వెళ్ళాయట. ఇల్లు ఒకటి, ఇంటిపేరు ఒకటి, రేట్ల మధ్య తేడా వెంట్రుకవాసి. అన్నదమ్ములు కుమ్మక్కయి టెండర్లు వేశారని, ఇద్దర్నీ తోసేసి బ్లాక్‌లిస్టులో పెట్టాలని కోరింది. టెండరు పిలిచిన ప్రభుత్వ ఆఫీసువాళ్ళు ట్యాంకు పని ఆపేశారు. సంజాయిషీ అడిగి, విచారణకి రమ్మన్నారు. బ్లాక్‌లిస్టులో పడ్డామంటే ఐదేళ్ళదాకా ఏ ప్రభుత్వ పనీ ముట్టుకోకూడదు. మాకు వేరే పనులు లేవు. అంటే కంపెనీ మూసుకోవాల్సిందే.

మామగారు మొదట నవ్వారు. "వాడూ నేనూ కుమ్మక్కా? వాడి చావుకి నేను వెళ్ళను, నా చావుకి వాడు రాడు!" ఆ తరవాత నవ్వడం మానేశారు. ఆ తరవాత తినడం మానేశారు. సందులో మిక్సరు యంత్రం నోరు తెరుచుకుని నిలబడిపోయింది. మేస్త్రీలు ఒక్కొక్కరే వేరే పనుల్లో కుదురుకున్నారు.

ఒకరోజు సాయంత్రం మా ఆయన స్కూటరు దిగకుండానే చెప్పారు. "ఒక ఆనకట్ట దగ్గర సూపర్‌వైజర్ ఉద్యోగం ఉందట. చాలా దూరం. కుటుంబాన్ని తెచ్చుకోవడానికి వీల్లేదు. విచారణ అయ్యాక చెప్తానన్నాను."

"ఎన్నాళ్ళకి?"

"ఏడాదికోసారి సెలవు."

ఆయన చెవి వెనక ఎండిన సిమెంటు చుక్క ఉంది. ఏడుపు వస్తున్నా, ఆ చుక్కని గోటితో గీకి తీస్తుంటే ఆయనమీద ప్రేమ పొంగుకొచ్చింది. ఆ చుక్కని ఇంకెవరు తీస్తారు, అనుకున్నాక నిజంగానే ఏడ్చాను.

మా ప్లీడరుగారి గదిలో తిరిగే కుర్చీ ఒకవైపే తిరుగుతుంది. మాతో మాట్లాడాలంటే ఆయన అలమారునీ కిటికీనీ తలుపునీ చూసుకుంటూ ఒక చుట్టు చుట్టి రావాలి.

"అయ్యా, తక్కినవన్నీ నేను చూసుకుంటాను. ఒకే కనెక్షన్ ఎలా అయిందో అది చెప్పండి," అన్నారు చుట్టు తిరిగొచ్చి.

"వాడు దొంగిలించాడు," అన్నారు మామగారు.

"దొంగిలించాడని రుజువుందా?"

"వాడు మా అన్న. అంతకన్నా రుజువేం కావాలి?"

ప్లీడరుగారు మళ్ళీ అలమారు వైపు తిరిగిపోయారు.

ఆరోజు వంటింట్లో గిన్నెలు తుడుస్తూ అత్తయ్య తలుపు దగ్గరగా వేసింది. "అమ్మాయ్, ఆ కనెక్షన్ సంగతి నాకు తెలుసే."

గరిటె నా చేతిలోంచి జారింది.

కథ ఏమిటంటే, పైవాళ్ళ కేబులు మా గోడ మీదుగా వెళ్ళడానికి మామగారు ఒప్పుకోలేదు. కేబులు లేదు గనక పైన ఇంటర్నెట్ లేదు. పెద్దత్తయ్య, అంటే పైన ఉండే మా అత్తయ్య తోడికోడలు, ఎక్కడో పాత పెట్టె ఒకటి సంపాదించి కరెంటు ప్లగ్గులో పెట్టింది. దానికి ఆకుపచ్చ దీపం వెలుగుతుంది. అంతకుమించి ఏమీ చేయదు. మా వైఫై పాస్‌వర్డు అత్తయ్య ఆవిడకి ఎప్పుడో ఇచ్చేసింది. పెద్దమామగారు ఇన్నేళ్ళూ ఆ దీపాన్నే ఇంటర్నెట్ అనుకుంటున్నారు. నెలనెలా ఆయనిచ్చే బిల్లు డబ్బుతో తోడికోడళ్ళిద్దరూ సినిమాకి వెళ్తారు.

"ఇద్దరూనా? ఎప్పుడు?"

"మేం పళ్ళు కట్టించుకోవడానికి వెళ్ళామంటే ఏమనుకున్నావు? ఇన్నిసార్లు కట్టించుకుంటే నోట్లో ముప్పైరెండూ బంగారానివే అయ్యుండాలి."

నవ్వీ నవ్వీ పొట్ట పట్టుకున్నాను. అత్తయ్య కూడా నవ్వి, నవ్వుతూనే నేలమీద కూలబడి మోకాళ్ళలో తల పెట్టుకుంది. "నా మూలంగా ఇల్లు మునిగిపోయిందే. మగాళ్ళు మాట్లాడుకోకపోతే మేమెందుకు మానుకోవాలి అనుకున్నాం. అంతేనే."

నేను మా ఆయనకి చెప్పాను, ఆయన మామగారి ముందే ప్లీడరుగారికి చెప్పారు. ప్లీడరుగారు కుర్చీ తిప్పకుండా లేచి నిలబడ్డారు. "ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెప్పకపోతే కనెక్షన్‌కి జవాబు లేదు. చెప్తే, రెండిళ్ళకీ రాకపోకలున్నాయని మన నోటితో మనమే ఒప్పుకున్నట్టు. పాస్‌వర్డు ఇచ్చినవాళ్ళు రేటు ఇవ్వరా అంటారు."

"మరి దారి?"

ఆయన మామగారి వైపు చూశారు. "ఒకటే ఉంది. కుమ్మక్కయినవాళ్ళు రేటు పెంచుకుంటారు గానీ తెంచుకోరు. మీరు వేసిన రేటుకి ఆ ట్యాంకు లేస్తుందా?"

మామగారు కిటికీ వైపు తిరిగారు.

"లేవదు. మీ అన్నగారి రేటుకీ లేవదు. ఇద్దరూ పంతంతో నష్టానికి వేశారు. ఆ మాట మీ నోటితో చెప్పండి. కుమ్మక్కు ఆరోపణ కుప్పకూలుతుంది."

"చేతకాని రేటు వేశానని నలుగురిలో చెప్పాలా?" మామగారి గొంతు పీలగా వచ్చింది. "నేను చెప్పానే అనుకోండి. నా టెండరు పోతుంది. రెండో రేటు వాడిది. వాడు కట్టగలనంటే ట్యాంకు వాడికి పోతుంది."

"పోవచ్చు. పైగా మీరొక్కరే చెప్తే సగం పనే. ఆయనకి పని దక్కడానికే మీరు తప్పుకున్నారంటారు. ఆయనా చెప్పాలి. ఇద్దరూ చెప్పాలి."

"వాడు చెప్పడు."

"అడిగి చూడండి."

"చస్తే అడగను."

పైవాళ్ళ ప్లీడరు వేరు. ఆయనా పైన ఇదే మాట చెప్పాడని పెద్దత్తయ్య ద్వారా అత్తయ్యకి తెలిసింది. పెద్దమామగారు కూడా "చస్తే చెప్పను" అన్నారట. రక్తం ఒకటేగా.

విచారణ గదిలో ఫ్యాను తిరిగినప్పుడల్లా కాగితాలు లేస్తున్నాయి, గుమాస్తా వాటిమీద తన కళ్ళజోడు పెట్టె బరువుగా పెట్టాడు. ఒక వరసలో మేము, మధ్యలో ఖాళీ కుర్చీలు, రెండో వరసలో పైవాళ్ళు. ముందు బల్ల దగ్గర పెద్ద కంపెనీ ప్లీడరూ, నున్నటి బూట్లేసుకున్న వాళ్ళ మేనేజరూ కూర్చున్నారు. విచారణ అధికారిణి జుట్టు నెరిసినావిడ. ఎవరేం చెప్పినా తల ఊపదు.

అత్తయ్య లేచి పాస్‌వర్డు సంగతి చెప్పింది. ఏమీ దాచలేదు. సంగతి ముందే తెలిసినా, మామగారు భార్య వంక అప్పుడే కొత్తగా పరిచయమైన మనిషిని చూసినట్టు చూశారు.

"పాస్‌వర్డు ఇచ్చినావిడ రేటు ఇవ్వలేదంటే నమ్మాలా?" అన్నాడు కంపెనీ ప్లీడరు.

"రేటు నాకు తెలిస్తే కదండీ ఇవ్వడానికి! మా ఆయన నిద్దట్లో కలవరించినా ఇటుకలే లెక్కపెడతారు గానీ రేటు చెప్పరు."

పెద్దత్తయ్య పెట్టె సంగతి చెప్తుంటే వెనకనుంచి పెద్దమామగారు లేచారు. "ఏంటీ? ఆ దీపం ఉత్తుత్తిదా?"

"కూర్చోండి," అంది అధికారిణి.

"మొన్న పెట్టె మీద దుమ్ము పడితే ఇంటర్నెట్ ఆగిపోతుందని నేనే తుడిచానమ్మా!"

గుమాస్తా కూడా నవ్వాడు. నవ్వుల మధ్య కంపెనీ ప్లీడరు తాపీగా అడిగాడు. "రేట్లు అంత దగ్గరగా ఎలా వచ్చాయో కూడా సెలవిస్తే మేమూ నవ్వుతాం."

మామగారు లేచారు. అబద్ధం ఆడటం ఆయనకి రాదు. పైకప్పు సంగతి మొత్తం చెప్పేశారు. నడక, ఆగడం, వెంట్రుకవాసి తగ్గించడం. పెద్దమామగారు ఉండబట్టలేక "వీడు మాత్రం బల్ల జరపడూ?" అని అందుకున్నారు.

కంపెనీ ప్లీడరు మొహం విప్పారింది. "చూశారా అమ్మా! ఒకరు పైనుంచి అడుగులేస్తారు, ఒకరు కిందనుంచి బల్ల జరుపుతారు. ఇక మాటలెందుకు? ఇంతకన్నా కుమ్మక్కు ఇంకేం కావాలి?"

నవ్వులు ఆగిపోయాయి. మా ప్లీడరుగారు కళ్ళు మూసుకున్నారు. మా ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. ఆనకట్టా, ఏడాదికోసారి సెలవూ, బీరువాలో నా బట్టల పక్కన ఖాళీ హ్యాంగర్లూ నా కళ్ళముందు వరసగా కదిలాయి. దేవుడా, ఆయన నోరు తెరిపించు, అనుకున్నాను. ఎవరి నోరో నాకే తెలియలేదు.

అధికారిణి మామగారినే చూస్తోంది. "ఒక్క ప్రశ్న. మీరు వేసిన ధరకి ఆ ట్యాంకు కట్టగలరా?"

మామగారు ముందు కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డారు. ఇంతకాలం కట్టినవన్నీ ఆయన వెనక లైను కట్టి వింటున్నట్టు వెనక్కి చూశారు. పెద్దమామగారి వైపు మాత్రం చూడలేదు.

"కట్టలేనండి."

"గట్టిగా చెప్పండి."

"కట్టలేనమ్మా! స్తంభాలు లేచేసరికి నేను మునిగిపోతాను. తెలిసే వేశాను. నాకు రావాలని కాదు, మా అన్నకి రాకూడదని వేశాను."

కుర్చీలో కూర్చోలేదు, అందులోకి పడిపోయారు. ఇప్పుడు రెండో రేటు పెద్దమామగారిది. కట్టగలనని ఒక్క మాట అంటే చాలు, ట్యాంకు ఆయన చేతికి దగ్గరవుతుంది. మేం మాత్రం కుమ్మక్కు మచ్చతో వీధిన పడతాం.

అధికారిణి ఆయన వైపు తిరిగింది. "మీరు కట్టగలరా?"

పెద్దమామగారు తమ్ముడి వంగిన మెడ వంక చూశారు. పెద్దత్తయ్య ఆయన చొక్కా అంచు పట్టుకుంది, లాగలేదు. ఊరికే పట్టుకుంది.

"వాడు కట్టలేనిది నేనేం కడతాను," అన్నారు విసుగ్గా. "మా ఇద్దరికీ పని నేర్పింది ఒకే మేస్త్రి. నేనూ నష్టానికే వేశాను. వాడికి రాకూడదనే."

కంపెనీ ప్లీడరు ఏదో అనబోయాడు. అధికారిణి చెయ్యెత్తింది. "కలిసి లాభపడాలనుకునేవాళ్ళు విడివిడిగా మునగడానికి సిద్ధపడరు. నా ఉద్యోగంలో ఇలాంటి కుమ్మక్కు చూడలేదు." కాసేపు రాసుకుని చదివింది. కుమ్మక్కు లేదు. బ్లాక్‌లిస్టు లేదు. కట్టలేమని ఒప్పుకున్నారు గనక రెండు టెండర్లూ రద్దు, టెండరుతోపాటు ఇద్దరూ కట్టిన ధరావతు సొమ్మూ జప్తు. ట్యాంకు మూడో రేటు వేసిన కంపెనీకి.

బతికాం. అంతే. వరండాలోకి వచ్చి నిలబడ్డాక అంతకన్నా ఏమీ మిగల్లేదని అర్థమైంది. పేరు నిలిచింది, చేతిలో పని లేదు, మేస్త్రీలు లేరు, కట్టిన ధరావతు పోయింది. మా ఆయన జేబులోంచి ఫోన్ తీసి ఆనకట్టవాళ్ళ నంబరు వెతుకుతున్నారు. ఆయన ఏం చేస్తున్నారో చూడకూడదని నేను వరండా గచ్చులో పగుళ్ళు చూస్తూ నిలబడ్డాను.

అప్పుడు కంపెనీ మేనేజరు బూట్లు టకటకలాడించుకుంటూ వచ్చాడు. ఈ స్తంభం దగ్గర మామగారు, ఆ స్తంభం దగ్గర పెద్దమామగారు.

"మాకు ఈ ఊళ్ళో మనుషుల్లేరు. పునాది పని బయటికే ఇస్తాం," అన్నాడు. "మీ ఇద్దర్లో ఎవరు తక్కువకి చేస్తే వాళ్ళకే. మీకు అలవాటేగా! టీ తాగి వస్తాను, ఈలోగా ఆలోచించుకోండి." నవ్వి మెట్లు దిగాడు.

అత్తయ్య, పెద్దత్తయ్య ఒకరినొకరు చూసుకున్నారు. మామగారి పెదవులు కదులుతున్నాయి. లెక్క మొదలైపోయింది. ఇప్పుడు మళ్ళీ ఇద్దరూ దిగుతారు, ఇంకా దిగుతారు, తవ్వే గోతిలోకే దిగిపోతారు.

పెద్దమామగారు ఎదురుగా గోడని చూస్తూ అన్నారు. "ఎంతంటావు?"

మామగారు వెనక్కి తిరిగి చూశారు, తన వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని. "నన్నా?"

"లేదు, గోడని."

మామగారు కూడా గోడవైపే తిరిగారు. "గట్టి నేల అది. టెండర్లో నువ్వు మెత్తనేల రేటు వేసి చచ్చుంటావు."

"నువ్వు వెయ్యలేదూ?"

"వేశాను."

"తెలివి ఏడ్చినట్టే ఉంది."

"ఎవరి తమ్ముణ్ణి మరి!"

మా ప్లీడరుగారు రెండు చెవులూ మూసుకున్నారు. "నాయనలారా, మీరు కుమ్మక్కు కాదని ఇప్పుడే కదా గొంతు చించుకున్నాను! నేను వెళ్ళాక మాట్లాడుకోండి." ఆయన నిజంగానే గబగబా వెళ్ళిపోయారు.

అన్నదమ్ములు రెండు స్తంభాల మధ్యకి జరిగారు. నీళ్ళు తోడే ఖర్చు ఎవరిదని ఒకరు, రాయి తగిలితే విడి రేటని ఇంకొకరు. గొంతులు లేచాయి. పెద్దమామగారు "నీకు చిన్నప్పట్నుంచీ కూడిక రాదురా" అన్నారు, మామగారు "నీకు తీసివేత ఒక్కటే వచ్చుగా" అన్నారు. ఏ రేటు దగ్గర ఆగారో మాకు వినిపించలేదు, అసలు ఆగారో లేదో కూడా తెలియలేదు. మేనేజరు మెట్లెక్కి వచ్చేశాడు. ఇద్దరూ చప్పున చెరో వైపు జరిగారు.

"ఊఁ, చెప్పండి," అన్నాడు మామగారితో.

మామగారు రేటు చెప్పారు. అది నష్టపు రేటు కాదు. మామగారు అంత రేటు చెప్పగా మా ఆయన కూడా ఎన్నడూ విన్నట్టు లేదు, కనుబొమ్మలు పైకి లేచాయి.

మేనేజరు నవ్వుతూ పెద్దమామగారి వైపు తిరిగాడు. "మీరు? కాస్త తగ్గిస్తే చాలు, పని మీది."

పెద్దమామగారు ఊపిరి పీల్చారు. పెద్దత్తయ్య వేళ్ళు అత్తయ్య మణికట్టు చుట్టూ బిగిశాయి. మా ఆయన ఫోన్ మీద వేలు నంబరు దగ్గరే ఆగిపోయింది.

"వాడు చెప్పిందే నాది," అన్నారు పెద్దమామగారు. "పైసా తగ్గదు. ఇద్దరం కలిసి చేస్తాం. ఈ ఊళ్ళో ఇంకెవరైనా చేస్తారేమో వెతుక్కోండి."

మేనేజరు నవ్వు కాస్త కాస్తగా తగ్గింది. ఒకర్నీ ఇంకొకర్నీ మార్చి మార్చి చూశాడు. మూసుకున్న విచారణ గది తలుపు వంక కూడా ఒకసారి చూశాడు. చివరికి మెడ గోక్కున్నాడు.

"సరే. ఎప్పుడు మొదలుపెడతారు?"

అన్నదమ్ములు నోరు తెరిచేలోపే మా ఆయన అనేశారు. "రేపు!"

అంత గట్టిగా అన్నారని ఆయనకే తెలియలేదు. వరండాలో అందరూ తిరిగి చూశారు. నేను ఆయన చేతిలోంచి ఫోన్ లాక్కుని నా సంచిలో పడేశాను.